బేరం ఎక్కడ కుదిరింది?

మా చెల్లెలికి నామీద ప్రేమ పుడితే మెసేజీ పెడుతుంది. కోపం వస్తే ఫోన్ చేస్తుంది. అంచేత పోయిన దసరాలకు ముందు ఒక మధ్యాహ్నం, నేను పత్రిక మొహం మీద కప్పుకుని కునుకు తీద్దామనుకుంటున్న వేళ ఫోన్ మోగేసరికే, ఏదో ముంచుకొచ్చిందని తెలిసిపోయింది.

"అక్కా! మీ ఊరి బొమ్మలు ఇలా ఏడిశాయేమిటే?" అంది, పలకరింపు కూడా లేకుండా.

సంగతేమిటంటే, అది బెంగుళూరులో కూర్చుని, కూతురి బొమ్మల కొలువు కోసం ఫోన్లోనే ఏటికొప్పాక లక్కపిడతలు తెప్పించుకుంది. పొయ్యి, కుండలు, చట్టి, తిరగలి, అన్నీ చిన్న చిన్నవి. పెట్టె విప్పగానే గుప్పున రంగు వాసన. పిల్ల తడిచేత్తో పట్టుకుంటే వేళ్ళు ఎర్రబడ్డాయిట.

"అవి ఏటికొప్పాకవి కావే," అన్నాను.

"పెట్టెమీద అచ్చు వేసి మరీ ఉంది!"

పెట్టెమీద రాసిందల్లా నిజమైతే మా ఇంట్లో ఆవాల డబ్బాలో ఆవాలే ఉండాలి. ఆ మాటే అన్నాను. అది ఠక్కున ఫోన్ పెట్టేసింది.

ఏటికొప్పాక మా యలమంచిలి మండలంలోదే. జిల్లా మాత్రం 2022లో విశాఖపట్నం నుంచి విడిపోయి అనకాపల్లి అయింది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరికి, ఎవరు చుట్టపుచూపుగా వచ్చినా తీసుకుపోవడం మాకు రివాజు. సొంత అన్నదమ్ముల్ని ఎవరైనా ఒక మాటంటే ఎంత ఉడుకుమోత్తనం వస్తుందో, ఆ బొమ్మల్ని అంటే నాకు అంత వచ్చింది. మర్నాడే మావారిని బయల్దేరదీశాను. "బొమ్మల కోసం ఇంత పౌరుషమా?" అన్నారాయన, చొక్కా వేసుకుంటూనే.

మేం వెళ్ళిన ఇంట్లో మొగుడు చట్రం దగ్గర కూర్చుని పని చేస్తున్నాడు. అంకుడు కర్ర మెత్తగా, తెల్లగా ఉంటుంది. గిర్రున తిరుగుతున్న కర్రకి రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. పసుపు నుంచి పసుపురంగు, జాఫరా గింజల నుంచి నారింజ, నీలిమొక్క నుంచి నీలం. పసుపూ నీలీ కలిస్తే ఆకుపచ్చ. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు. మధ్యలో కొంతకాలం రసాయనపు రంగులు వచ్చి పడితే, మళ్ళీ ఈ చెట్టు రంగుల్ని పట్టుకొచ్చి నిలబెట్టింది ఆ ఊరి సి.వి.రాజుగారు. ఆయనకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మొన్న 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీ వీధిలో మన రాష్ట్రపు శకటంగా ఊరేగింది కూడా ఈ బొమ్మలే.

ఆ ఇంటి ఇల్లాలు ఫోన్లో అమ్మకాలు చూసుకుంటుంది. మా చెల్లెలి సంగతి చెబితే, నవ్వి, మూలనున్న అట్టపెట్టె ఒకటి తెచ్చి ముందు పెట్టింది. ఎక్కడో దూరపు పట్నం నుంచి తిరిగొచ్చిన సరుకు. బొంగరం విరిగిపోయి ఉంది. "ఇరిగిందని ఎనక్కి పంపేసినారమ్మా. పంపినప్పుడు బాగానే ఉన్నాది. మజ్జిలో ఎక్కడిరిగిందో ఎవులికి తెలుసు? డబ్బులు మాత్రం మావే కోసీసినారు. పోను కర్సులు, రాను కర్సులు కూడా." కాస్సేపాగి, "మేమిక్కడ కూకుని అమ్మినాం, ఆవిడక్కడ కూకుని కొన్నాది. మజ్జిలో కంపెనీవోడు ఇంకెక్కడో ఉన్నాడు. తగువెక్కడ సెప్పుకోవాలమ్మా?" అంది.

మా నాన్నగారు ప్లీడరు గుమాస్తా. అందుచేత చట్టమంటే నాకు భయం లేదు, తెలివీ లేదు. నేను చదువుకున్నది చరిత్రతో బి.ఏ. కానీ ఆవిడ అడిగిన ప్రశ్న ఇంటికొచ్చినా నన్ను వదల్లేదు. నాన్నగారి పాత పుస్తకాల బీరువా తెరిచాను. తెరిస్తే తెలిసిందేమిటంటే, ఆ ఇల్లాలు అడిగింది ఈవేళ్టి ప్రశ్న కాదు. ఎదురెదురుగా నిలబడకుండా బేరాలాడ్డం మొదలైన రోజు నుంచీ ఉన్నదే.

పోస్టులో సరుకు తెప్పించుకోవడం మనకేం కొత్త? మన దేశంలో వి.పి.పి. పద్ధతి 1877లో వచ్చింది. మనియార్డరు 1880లో. పోస్టుమాన్ పార్సెల్ తెచ్చి గుమ్మంలో నిలబడతాడు. డబ్బు చేతిలో పెడితేనే పెట్టె చేతికిస్తాడు. ఆ డబ్బు అమ్మినవాడికి చేరుతుంది. మన తెలుగు వ్యాపారాలు ఎన్నో ఈ దారినే పెరిగాయి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ ఆదాయంతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. మద్రాసులో కె.ఎన్.కేసరిగారు లోధ్ర అనే ఆడవాళ్ళ మందు అమ్మి, 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టి, రాసే ఆడవాళ్ళకు స్వర్ణకంకణాలు తొడిగారు. మందుసీసాల మీద వచ్చిన డబ్బుతో సాహిత్యం బతికిందంటే, ఈ పేజీలో రాసుకుంటున్న నాబోటిది కాస్త వినయంగా ఉండక తప్పదు.

మా అమ్మమ్మకి ఈ వి.పి.పి. అంటే మహా సరదా. గడప దాటే వీలు లేని రోజుల్లో గడపలోకే బజారు రావడం అంటే మాటలా! ఏ పత్రికలో ఏ ప్రకటన కనబడ్డా మనవల చేత కార్డు రాయించేది. ఒకసారి అతి చవగ్గా గోడగడియారం వస్తుందని ప్రకటన చూసి తెప్పించింది. పోస్టుమాన్‌కి డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, దారం తెంపి చూస్తే, అట్టమీద అంకెలు, రేకుముళ్ళు. పిల్లలాడుకునే గడియారం! పోస్టుమాన్ ఏం చేస్తాడు పాపం, పెట్టె మొయ్యడం వరకే ఆయన బాధ్యత. తపాలా శాఖ డబ్బు వసూలు చేసి పంపుతుందే గాని లోపలి సరుకుకు పూచీ పడదు. నిజంగా ఆర్డరు వస్తేనే వి.పి. పంపాలని నిబంధన ఉండేది. వచ్చింది గడియారమా, అట్టముక్కా అన్నది మాత్రం నువ్వూ నువ్వూ తేల్చుకోవాల్సిందే. ఎక్కడో నగరంలో ఉన్న వాడి మీద పల్లెటూరి ఆడమనిషి ఏం తేల్చుకుంటుంది? అమ్మమ్మ ఆ గడియారాన్ని చాలాకాలం గోడకి తగిలించే ఉంచింది. "రోజుకి రెండుసార్లు సరైన టైమే చూపిస్తోందిగా," అనేదిట.

అంటే ఆ రోజుల్లో నష్టం కొన్నవాళ్ళది. ముందు డబ్బు, తర్వాతే పెట్టె. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరపడుతుంది.

ఇక చట్టం సంగతి. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. ఇప్పటికీ అమల్లో ఉంది. ఉత్తరాల మీద బేరం ఎప్పుడు కుదిరినట్టు అన్నదానికి అందులో చిత్రమైన ఏర్పాటొకటుంది. ఒప్పుకుంటున్నానని రాసిన ఉత్తరం పోస్టులో పడగానే, బేరం ప్రతిపాదించినవాడు చిక్కుబడిపోతాడు. కానీ ఆ ఉత్తరం రాసినవాడు మాత్రం, అది అవతలివాడికి చేరి తెలిసేదాకా స్వేచ్ఛాజీవే!

అర్థం కాలేదా? పెళ్ళి సంబంధం అనుకోండి. 'మీ పిల్లని మా వాడికి ఇస్తారా' అని మగపెళ్ళివారు రాశారు. మీరు 'సంతోషం' అని ఉత్తరం రాసి పోస్టుడబ్బాలో వేశారు. ఇక మగపెళ్ళివారు వెనక్కి తగ్గడానికి లేదు. మీకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టక, కుర్రాడి కోపం సంగతి ఎవరో చెవిన వేస్తే, ఉత్తరం కంటే ముందు అందేలా 'వద్దు' అని టెలిగ్రాం కొట్టుకోవచ్చు. పెళ్ళిళ్ళకి ఈ చట్టం వర్తించదు గాని, ఆడపిల్లవారికి ఇంత వెసులుబాటు ఇచ్చిన చట్టం ఇంకోటి లేదనిపించి నాకు ముచ్చటేసింది.

అయితే 1872లో ఆ చట్టం రాసినప్పుడు టెలిఫోన్ లేదు. గ్రాహంబెల్‌కి దానిమీద పేటెంటు వచ్చింది 1876లో. మరి ఫోన్లో బేరం కుదిరితే? ఈ తగువు మన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అహమ్మదాబాదు వర్తకులు, మహారాష్ట్రలోని ఖాంగాఁవ్ వర్తకులతో 1959లో ఫోన్లో మాట్లాడి పత్తిగింజల చెక్కకి బేరం కుదుర్చుకున్నారు. సరుకు రాలేదు. దావా అహమ్మదాబాదులో వేశారు. 'మేం ఒప్పుకున్నది మా ఊళ్ళో, కాబట్టి బేరం మా ఊళ్ళోనే కుదిరింది, అహమ్మదాబాదు కోర్టుకి అధికారం ఎక్కడిది?' అన్నారు ఖాంగాఁవ్ వారు. 1965లో తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు, 'సరే' అన్న మాట ఎక్కడ వినబడిందో అక్కడే బేరం కుదిరినట్టు, అంచేత అహమ్మదాబాదే అన్నారు. మూడో ఆయన, జస్టిస్ హిదయతుల్లా, ఒప్పుకోలేదు. నోట్లోంచి మాట జారిపోయాక వెనక్కి తీసుకోలేడు కదా, చట్టంలోని మాటల ప్రకారం పలికిన ఊళ్ళోనే కుదిరింది అన్నారాయన.

పశువుల దాణా కోసం ఇంత శాస్త్రార్థమా అనుకోకండి. 'ఎక్కడ' అన్న ఆ ఒక్క మాటలోనే ఉంది పెట్టె మూత. రైలు టిక్కెట్టు కొనుక్కుని, ఊరుకాని ఊళ్ళో ప్లీడరుని పెట్టుకుని, వాయిదాలకి తిరగాల్సింది ఎవరన్నది దాన్నిబట్టే తేలుతుంది. ఆ తిరుగుడు ఖర్చు సరుకు ఖరీదుకంటే ఎక్కువైతే, న్యాయం మన పక్కనున్నా లాభం లేదు. వ్యాపారులకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే బిల్లు అడుగున చిన్నక్షరాల్లో 'తగువులు ఫలానా ఊరి కోర్టులో' అని అచ్చు వేయిస్తారు. 1989లో సేలంవారి కేసు ఒకటి సుప్రీంకోర్టుకి వస్తే, ఆ కాగితంలో 'మాత్రమే' లాంటి మాట లేదు గనక సేలం కోర్టు తలుపు మూసుకుపోలేదని చెప్పింది. 2013కి వచ్చేసరికి, 'మాత్రమే' అని రాయకపోయినా ఉద్దేశం తెలుస్తూనే ఉంది కదా అని ఇంకో కేసులో అదే కోర్టు అంది. వ్యాకరణం చదువుకున్నవాళ్ళం మనం, ఒక్క అవ్యయం మీద ఇన్నేళ్ళు కోర్టులు నడిచాయంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇప్పుడు కంప్యూటరు బజారు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం, కాగితం లేకపోయినా బేరం బేరమేనన్న దారి వేసింది. 2008 సవరణ ఆ మాట విడమర్చి చెప్పింది. మీట నొక్కి పంపిన కబురు, మీరు రైల్లో ఉండి నొక్కినా, మామూలుగా మీ చిరునామా నుంచే పంపినట్టు. 'ఎక్కడ' అన్నదానికి ఇది ఒక జవాబు. అసలైన మార్పు మాత్రం 2019 వినియోగదారుల రక్షణ చట్టంతో వచ్చింది. అంతకుముందున్న 1986 చట్టం ప్రకారం, అమ్మినవాడు ఉన్నచోట గాని, తగువు పుట్టినచోట గాని ఫిర్యాదు వెయ్యాలి. కొత్త చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చాక, కొన్నవాళ్ళు తాము కాపురం ఉండే చోటే వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు సరుకైతే ఫీజు కూడా లేదు. మా అమ్మమ్మకి ఈ చట్టం ఉండి ఉంటే ఆ అట్టగడియారం గోడమీద ఉండేది కాదు, సాక్ష్యంగా కమిషన్ బల్లమీద ఉండేది. అదే నెలలో ఈ-కామర్స్ నిబంధనలు కూడా వచ్చాయి. సరుకు లోపంతో ఉన్నా, నకిలీదైనా, ప్రకటించినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోనంటే అమ్మేవాడికి కుదరదు. ఫిర్యాదు అందిందని కంపెనీ 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఊరికే మనసు మారి తిప్పి పంపడం మాత్రం మన చట్టమిచ్చిన హక్కు కాదు, దుకాణాలు ఇచ్చే మర్యాద. యూరపులో దానికీ 14 రోజుల గడువు చట్టమే ఇచ్చింది.

ఇదంతా మా చెల్లెలికి శుభవార్త. ఆ వెంటనే ఫోన్ చేసి చెప్పాను కూడా. కానీ అట్టపెట్టె ముందు పెట్టుకున్న ఆ ఏటికొప్పాక ఇల్లాలి సంగతేమిటి?

ఇక్కడ ఒక అమెరికా ఆర్థికవేత్త సంగతి చెప్పాలి. జార్జి ఏకర్లాఫ్ అని, 2001లో నోబెల్ బహుమతి వచ్చిందాయనకి. 1970లో పాత కార్ల బజారు గురించి ఒక వ్యాసం రాశాడు. కార్ల మాటెలా ఉన్నా, అందులో మనం ఉన్నాం! భారతదేశపు ఇల్లాలు బియ్యంలో రాళ్ళేరుకుంటుందనీ, అవి కావాలని బియ్యపు రంగులో, ఆకారంలో ఉన్నవే చూసి కలుపుతారనీ రాశాడు. ఆయన అంతకుముందు ఢిల్లీలో ఓ ఏడాది ఉన్నాడు. ఎవరి వంటింట్లో చూశాడో మరి. చేటలో రాళ్ళేరుతూ మనం శాపనార్థాలు పెడతాం, ఆయన సిద్ధాంతం చేశాడు. కొనేవాళ్ళకి మంచీ చెడూ తెలియకపోతే, అన్నిటికీ ఒకటే ధర ఇస్తారు. ఆ ధరకి మంచి సరుకు అమ్మేవాడు నిలబడలేడు. చివరికి బజారులో చెడ్డదే మిగులుతుంది.

ఫోన్ తెరమీద ఏ బొంగరమైనా ఎర్రగా మెరుస్తూనే ఉంటుంది. లక్క ఏదో, డబ్బా రంగు ఏదో వాసన చూడ్డానికి లేదు, గోరుతో గీకడానికి లేదు. మా చెల్లెలు చవగ్గా ఉన్నదే కొంది, ఎవరైనా అంతే. అలా నకిలీది అమ్ముడుపోయిన ప్రతిసారీ అసలువారి ధర ఒక మెట్టు దిగుతుంది. ఈ జబ్బుకి మందుగానే 2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. ఆ పేరు ఇంకెవరూ వాడుకోకూడదు. మంచిదే. కానీ ఒక బొంగరం కోసం, ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియని నకిలీవాడి మీద దావా వెయ్యడానికి ఏ చట్రం ఆపుకుని వెళతారు? బొమ్మల నాణ్యతకి 2021 జనవరి నుంచి ప్రభుత్వపు ముద్ర తప్పనిసరి చేసినప్పుడు మాత్రం, గుర్తింపు పొందిన చేతిపనివారికీ, ఈ భౌగోళిక గుర్తింపు ఉన్న సరుక్కీ మినహాయింపు ఇచ్చి మంచి పని చేశారు. లేకపోతే కర్ర బొంగరాన్ని పట్టుకుని పరీక్షశాలల చుట్టూ తిరగాల్సి వచ్చేది.

పన్ను సంగతి కూడా ఆ ఇల్లాలే చెప్పింది. మన రాష్ట్రంలో సరుకులమ్మేవాళ్ళకి ఏడాదికి నలభై లక్షల దాకా జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అదే సరుకు కంప్యూటరు దుకాణంలో పెడితే మొదటి రూపాయి నుంచే కావాలనేవారు. 2023 అక్టోబరు నుంచి చిన్నవాళ్ళకి సడలించారు గాని, రాష్ట్రం లోపల అమ్మితేనే. బెంగుళూరుకి బొంగరం పంపాలంటే నంబరు ఉండాల్సిందే. గుమ్మంలో కొన్నవాళ్ళకి లేని లెక్కాడొక్కా, దూరానికి అమ్మితే వస్తుంది. ఆ లెక్కలు రాసిపెట్టేవాడికి నెలనెలా ఇచ్చుకోవాలి.

ఇప్పుడు మా అమ్మమ్మ వి.పి.పి.ని గుర్తు తెచ్చుకోండి. అప్పుడు నష్టం కొన్నదానిది, మధ్యవాడికి పూచీ లేదు. ఇప్పుడు పెట్టె ముందొస్తుంది, నచ్చకపోతే తిరిగిపోతుంది, విరిగిన బొంగరం అమ్మినదాని పద్దులో పడుతుంది. మధ్యవాడికి అప్పుడూ పూచీ లేదు, ఇప్పుడూ పెద్దగా లేదు. కాకపోతే అప్పటి మధ్యవాడు సైకిలు మీద వచ్చేవాడు, అణాలు తీసుకునేవాడు. ఇప్పటివాడు రూపాయికి ఇంత అని కోసుకుంటున్నాడు. కొన్నవాళ్ళకి తమ ఊళ్ళోనే తలుపు తెరిచిన చట్టం, అమ్మేవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఆ చిన్నక్షరాల ఒప్పందం వైపే చూపిస్తోంది. దాంట్లో తగువు ఏ మహానగరంలోనో తీరాలని ఉంటుంది. జీవనోపాధి కోసం స్వయంగా పని చేసుకుంటూ, అందుకోసం సరుకు కొనుక్కున్నవారిని కూడా వినియోగదారులుగానే చూడమని 2019 చట్టంలో ఒక వివరణ ఉంది. ఆ ఇల్లాలు వాడుకున్నది కంపెనీ సేవే అయినా, ఆ మాట పట్టుకుని మా దగ్గరే ఫిర్యాదు వేసి చూడవచ్చు. వాదించే ఓపిక ఉన్న కుర్ర ప్లీడరు దొరకాలి, అంతే. మావారికి తెలిసిన ఒకతని పేరు చెప్పి వచ్చాం.

వచ్చే ముందు ఒక లక్కపిడతల సెట్టు కొన్నాను. ఆ ఇల్లాలే గడ్డి చుట్టి, పాతబట్ట పెట్టి, పెట్టె కట్టింది. మా చెల్లెలు బెంగుళూరు నుంచే డబ్బు పంపేసింది. ఆవిడ ఫోన్ గణగణలాడితే, చూసుకుని కళ్ళకద్దుకుంది. నేను చిలిపిగా ఆ బిల్లు కాగితం అడుగున 'తగువులు వస్తే యలమంచిలి కోర్టులో మాత్రమే' అని రాసి, 'మాత్రమే' కింద రెండు గీతలు గీసి పెట్టెలో పడేశాను.

నాలుగో రోజు ఫోన్ మోగింది. మెసేజీ కాదు, ఫోనే. గుండె గుభేలుమంది.

"నేనుండే చోటే వేసుకోవచ్చని నువ్వే కదే చెప్పావు," అంది మా చెల్లెలు. "ఇప్పుడు యలమంచిలి అంటావేమిటి?"

"బొమ్మలెలా ఉన్నాయే ముందు?"

"నీ మేనకోడలు తిరగలిని పక్కలో పెట్టుకుని పడుకుంది. ఆవిడ నంబరు ఇలా ఇయ్యి, పక్కింటివాళ్ళు అడుగుతున్నారు."